సత్యవేణి తయారే, మేమే కాలేదు

మా సంస్థలో ఏదైనా మంచి పని మొదలైందంటే దాన్ని ఆపడానికి ఎక్కడో ఒక పేరా కూడా పుట్టే ఉంటుంది. ఇది ఆరో పేరా కథ.

సంస్థ పేరు కోస్తా విశ్రాంతి గృహాల సంస్థ. సర్కారుది. కాకినాడ దాటాక సముద్రపొడ్డున, సరుగుడు తోటల మధ్య మా 'సాగరమిత్ర' అతిథి గృహం ఉంది. జనం సముద్రం కోసం వస్తారు. మా వల్ల కొంచెం తొందరగా వెళ్ళిపోతారు. నేనక్కడ భోజనశాలలో కెప్టెన్ని. కెప్టెనంటే ఓడ నడిపేవాణ్ణనుకునేరు! బల్లల మధ్య తిరుగుతూ ఆర్డర్లు రాసుకుని వంటింట్లోకి కేకేసే ఉద్యోగం. పేరు వీరభద్రం. నా గురించి ఇంతకంటే తెలుసుకోవలసిందేమీ లేదు. మా ఆవిడ కూడా అదే అంటుంది.

కిందటేడు హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన యువతీయువకులకి హోటలు పని నేర్పే కేంద్రం ఒకటి మా ఊళ్ళో ఉంది. అక్కడ నేర్చుకున్నవాళ్ళని ప్రతి అతిథి గృహమూ ఒకరి చొప్పున ఉద్యోగంలోకి తీసుకోవాలని దాని సారాంశం. చదివి నేను శభాష్ అన్నాను. మా సంస్థని శభాష్ అనడం నా సర్వీసులో అదే మొదలు, నోరు తిరగడానికి కొంచెం టైమ్ పట్టింది.

మాకు వచ్చిన అమ్మాయి పేరు సత్యవేణి. ఇరవై దాటిన పిల్ల, పొట్టిగా బొద్దుగా ఉంటుంది. మాట కాస్త ముద్దగా వస్తుంది కానీ అనదలుచుకున్నది అనకుండా మాత్రం వదలదు. ఇంటర్వ్యూలో డీజీఎం త్రివిక్రమరావుగారు, అంటే మానవ వనరులు చూసే పెద్ద ఆఫీసరు, "నీ బలహీనత ఏమిటమ్మా?" అని అడిగారట. "మామిడి తాండ్ర" అందట. అందరూ నవ్వితే, "నిజమే చెప్పేనండీ, ఎందుకు నవ్వుతున్నారు?" అని కోప్పడిందట. ఆ కోపానికే ఉద్యోగం ఇచ్చుంటారని నా నమ్మకం.

చేరే రోజు పొద్దున్నే వాళ్ళమ్మ అమ్మాజీ స్కూటీ మీద దింపింది. ఆవిడ జగన్నాథపురంలో జాకెట్లు కుడుతుంది. పిల్ల తెల్లచొక్కా, నల్లప్యాంటు, మెరిసే బూట్లు వేసుకుని, ఉద్యోగం ఆర్డరు కాగితం గుండెలకి హత్తుకుని దిగింది. నేను ఎదురెళ్ళి, "రామ్మా, నేను భద్రాన్ని. నువ్వు నాతోపాటే పనిచెయ్యాలి," అన్నాను. పైనుంచి కిందదాకా చూసి, "బాబాయ్‌గారూ, మీ బూట్లకి పాలిష్ లేదు," అంది.

మా మేనేజరు భాస్కరమూర్తిగారు అక్షరం పొల్లుపోనివ్వని మనిషి. ఇంటికి పెళ్ళి శుభలేఖ వచ్చినా అడుగున సంతకం ఉందో లేదో చూస్తాడు. ఆయన సర్క్యులర్ తీసి, కళ్ళజోడు తుడుచుకుని, ఆరో పేరా దగ్గర ఆగిపోయాడు. పైకి చదివాడు.

"సదరు అభ్యర్థిని విధులలో చేర్చుకొనుటకు పూర్వము, యూనిట్ నందు పనిచేయుచున్న సిబ్బంది యావన్మందియు సమ్మిళిత సంసిద్ధతా ధ్రువపత్రము పొందియుండవలెను. వారిలో ఏ ఒక్కరు అనుత్తీర్ణులైనను యూనిట్ మొత్తము పునఃశిక్షణ పొందవలెను."

"అంటే ఏంటండీ?" అంది అమ్మాజీ.

"అంటే మీ అమ్మాయి తయారేనమ్మా. మేమే ఇంకా తయారు కాలేదు."

అన్నేళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి నిజం అది.

"ఎన్నాళ్ళు పడతాదండీ మరి?"

"అందర్నీ కలుపుకుని పనిచెయ్యడం మీద మూడ్రోజుల శిక్షణ, ఒక పరీక్ష. అంతే!"

సత్యవేణి మా వైపు జాలిగా చూసింది. "మాకు తొమ్మిది నెలలు పట్టిందండీ. మీకు మూడ్రోజులు చాలవు," అంది. మేనేజరు ముసిముసిగా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎటుపోయిందో ఆయనకే తెలియాలి.

ఆర్డరు మార్చి నెలాఖరు దాకా చెల్లుతుంది. ఆ లోపల చేరకపోతే ఉద్యోగం రద్దు, మళ్ళీ నోటిఫికేషన్ పడేదాకా ఆగాలి. మా సంస్థలో నోటిఫికేషన్లు అమావాస్యకీ పున్నానికీ పడతాయనుకుంటే పొరపాటు, గ్రహణాలకి పడతాయి. అయినా అప్పటికి దసరా వెళ్ళి నాలుగు రోజులే. మార్చి ఎక్కడో ఉంది, కంగారేముంది అనుకున్నాం. సత్యవేణిని రిసెప్షన్లో బెంచీ మీద కూర్చోమన్నాం.

శిక్షణ ఇవ్వడానికి విజయవాడ నుంచి డాక్టర్ ఆనందవర్ధన్ అనే ఆయన దిగాడు. ఆయన్ని గురువనకూడదట, ఫెసిలిటేటర్ అనాలట. మేం ఉన్నదే పదిమందిమి, ఆయన చెంపకి మైకు కట్టుకుని మాట్లాడాడు. "మిత్రులారా, సమ్మిళితత్వం ఒక గమ్యం కాదు, ఒక ప్రయాణం!" అన్నాడు. గమ్యం బయట బెంచీ మీద కూర్చుని తలుపు సందులోంచి చూస్తోంది.

శిక్షణ కాలంలో సిబ్బందిచేత ఏ పనీ చేయించరాదని తొమ్మిదో పేరా. కాబట్టి భోజనశాల మూసేశారు. మాకు కాఫీ, టిఫిను, భోజనం బయట క్యాటరింగు వాళ్ళు తెచ్చారు. ఏసీ హాల్లో మెత్తటి కుర్చీలు వేశారు.

మూడో రోజున పరీక్ష పెట్టారు. రాతపరీక్షలో ఒక ప్రశ్న: "మీ సహోద్యోగి చేతి నుండి గాజుగ్లాసు జారిపడినచో మీ ప్రథమ స్పందన యేమి?" మా వంటమాస్టరు బుల్లబ్బాయి "చెప్పులేసుకుంటాను" అని రాశాడు. సున్నా. నాకైతే రాతలో బాగానే వచ్చాయి, ప్రాక్టికల్స్‌లో తన్నింది. సహనం మీద ప్రాక్టికల్. ఫెసిలిటేటర్ మన ఎదురుగా కూర్చుని బూటు లేసు నిదానంగా కట్టుకుంటాడు, మనం కల్పించుకోకుండా చూస్తూ ఉండాలి. ఆయన ముడి వేస్తాడు, విప్పుతాడు, మళ్ళీ వేస్తాడు. నాకు అరికాళ్ళు జిలపెట్టాయి. జనాన్ని ఆగమనడం అలవాటే గానీ నేను ఆగడం నాకు అలవాటు లేదు. వంగి టక్కున కట్టేశాను. నాకూ సున్నా వేశారు.

సాయంత్రం బయటికి రాగానే సత్యవేణి బెంచీ మీంచి లేచింది. "బాబాయ్‌గారూ, పాసయ్యారా?"

"లేదమ్మా."

"అందరూనా?"

"ఇద్దరం పోయాం."

"పర్లేదు. రేపు బాగా చెయ్యండి," అని టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నిబంధన ప్రకారం యూనిట్ మొత్తానికీ మళ్ళీ శిక్షణ. రెండోసారి నిజంగానే రిసెప్షన్ ఫణి ఫెయిలయ్యాడు. మూడోసారికి అందరికీ అన్నీ వచ్చేశాయి. ఆ పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర బుల్లబ్బాయి ఆవడ కొరుకుతూ ఆగి, నా వైపు తిరిగాడు.

"గురువుగారూ, ఒక మాట. ఇరవయ్యేళ్ళ నుంచి ఊరందరికీ వండి పెడతన్నాను. నేను తిన్నదెప్పుడూ పొయ్యి పక్కన నిలబడే కదండీ. ఇప్పుడు ఫ్యాను కింద కూకుని తింటన్నాను. ఒకడు ప్లేటు తెచ్చి చేతికిచ్చి, మాస్టారూ ఇంకొంచెం పప్పు వెయ్యమంటారా అంటన్నాడు. రేపు పాసైపోతే ఇదంతా పోద్దండి."

 పైకి అనకపోయినా అందరం అదే ఆలోచించాం. నా మోకాళ్ళు కూడా ఆ కుర్చీకి అలవాటుపడ్డాయి మరి.

ఒక్కడు ఫెయిలైతే చాలు కదా! చీటీపాట లాగా వంతులు వేసుకున్నాం. ఈసారి తోటమాలి, వచ్చేసారి ఫణి, ఆపైన చాకలి సూరయ్య. ఎవరి వంతు వస్తే వాళ్ళు నిబ్బరంగా ఫెయిలవ్వాలి, మిగిలినవాళ్ళు పాసై వాణ్ణి ఓదార్చాలి. మేనేజరుగారికి ఈ ఏర్పాటు తెలియదు. ఆయన ప్రతిసారీ నూటికి నూరు తెచ్చుకుని, "మీ వల్ల నా శ్రమంతా వృథా!" అని మామీద విరుచుకుపడేవాడు.

అలా దీపావళి వెళ్ళింది, కార్తీకమాసం వెళ్ళింది, క్రిస్మస్ స్టారు కట్టి విప్పేశాం. సత్యవేణి రోజూ ఇస్త్రీ బట్టల్లో వచ్చేది. ఇంటికి పొమ్మంటే, "ఆర్డరుంది, నేను వెళ్ళను," అనేది. సాయంత్రమయ్యేసరికి లేచి అదే ప్రశ్న అడిగేది. మేం తల అడ్డంగా ఊపేవాళ్ళం.

ఇక అభినయం పాఠం గురించి చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న సహోద్యోగితో ఎలా మెలగాలో నటించి చూపించాలి. ఆ సహోద్యోగి పాత్ర ఎవరు వెయ్యాలి? బయట సాక్షాత్తూ సత్యవేణి ఉంది. కానీ ఉద్యోగంలో చేరనివాళ్ళు శిక్షణలో పాల్గొనరాదని పన్నెండో పేరా. అందుకని ఫణి సత్యవేణి వేషం వేశాడు. మాన్యువల్లో రాసినట్టు భుజాలు వంచి, కాళ్ళీడుస్తూ, ప్రతిదానికీ చప్పట్లు కొడుతూ నడిచాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"నేనలా నడవను!" అంది సత్యవేణి. మొహం ఎర్రబడింది. "ఫణిగారూ, మీరు కోతిలా ఉన్నారు!"

ఫణి సిగ్గుపడి బల్ల వెనక్కి పోయాడు. ఆనందవర్ధన్ మాత్రం ముచ్చటపడ్డాడు. "అద్భుతం! అతిథి పరిశీలకురాలిగా ఒక్కసారికి అనుమతిద్దాం. నీ పాత్ర నువ్వే చెయ్యమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి నడుం నిటారుగా పెట్టి, ట్రే రెండు చేతులా పట్టుకుని, చూపు గ్లాసుల మీదే ఉంచి హాలు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. మధ్యలో నాలుక కొంచెం బయటపెట్టుకుంది, శ్రద్ధగా పనిచేసేటప్పుడు అది దాని అలవాటు. ఒక్క చుక్క తొణకలేదు.

ఫెసిలిటేటర్ మాన్యువల్ తిరగేసి మార్కులు వేశాడు. ఫణికి పదికి ఎనిమిది వచ్చాయి. సత్యవేణికి నాలుగు.

"పాత్రలో సహజత్వం లోపించింది," అని రాశాడు.

ఇంతకీ అతిథుల సంగతి చెప్పలేదు కదూ. గేటు దగ్గర ఒక బోర్డు పెట్టాం: 'సమ్మిళిత శిక్షణ జరుగుచున్నది. అతిథులు తమ పనులు తామే చేసుకుని సహకరించగలరు.' కొందరు దుప్పట్లు ఇంటినుంచి తెచ్చుకున్నారు. ఒక మధ్యాహ్నం తుని నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎండనపడి వచ్చి రిసెప్షన్లో కూలబడి, "అమ్మా, కాసిని మంచినీళ్ళు," అన్నాడు. సత్యవేణి లేచి, చేతులు కడుక్కుని, గ్లాసు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆయన తాగి చల్లగా ఉండు తల్లీ అన్నాడు.

మేనేజరు మూర్తిగారు చూశాడు. వణికిపోయాడు. విధుల్లో చేరని వ్యక్తి అతిథికి సేవ చెయ్యడం ఘోరమైన ఉల్లంఘన. సత్యవేణికి మెమో ఇద్దామంటే ఆమె ఉద్యోగి కాదు. హెడ్డాఫీసుకి రాస్తే డీజీఎం త్రివిక్రమరావుగారి సంతకంతో వారంలో మెమో వచ్చింది, తుని పెద్దాయన పేరు మీద. 'అనధికార వ్యక్తి నుండి తాము మంచినీరు స్వీకరించుటకు గల కారణములు ఏడు దినములలో తెలుపవలెను.' ఆయన 'దాహం' అని ఒక్క ముక్క రాసి పంపాడు. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని మళ్ళీ రాశారు.

అదే నెలలో మాకు అవార్డొచ్చింది. రాష్ట్రం మొత్తమ్మీద సమ్మిళితత్వం గురించి ఎక్కువ రోజులు శిక్షణ పొందిన యూనిట్ మాదే. ఇంకే యూనిట్ మా దరిదాపులకి రాలేదు, వాళ్ళంతా మొదటి వారమే పాసైపోయారు పాపం! డీజీఎంగారు స్వయంగా వచ్చి, 'అత్యంత సమ్మిళిత యూనిట్' అని రాసిన షీల్డు ఇచ్చారు. "ఈ యూనిట్ నేర్చుకోవాలన్న తృష్ణకు ప్రతీక. భాగస్వామ్య పక్షాలన్నీ ఇక్కడికి వచ్చి అధ్యయనం చెయ్యాలి. దీన్ని శాశ్వత ఆదర్శ శిక్షణా కేంద్రంగా తీర్చిదిద్దుతాం," అన్నారు. వెనక బెంచీ మీంచి సత్యవేణి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. మేం పాసయ్యామనుకుంది పిచ్చితల్లి.

కాదని నేనే చెప్పాల్సి వచ్చింది. అప్పుడు అది చాలాసేపు ఆలోచించింది. మర్నాడు సంచిలో బొమ్మల అట్టలు తెచ్చింది. వాళ్ళ కేంద్రంలో వీళ్ళకి నేర్పే అట్టలు. చెయ్యి కడుక్కునే బొమ్మ, నవ్వుతూ నమస్కారం పెట్టే బొమ్మ, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆగి వినే బొమ్మ. బుల్లబ్బాయిని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది చూడండి. ఈయన ఏం చేస్తున్నాడు?"

"ఆగేడమ్మా."

"ఎందుకాగేడు?"

"అవతలోళ్ళు మాటాడతన్నారని."

"వెరీగుడ్! చూశారా, వచ్చేసింది. మీకు రాదని ఎవరన్నారు? నాకూ మొదట్లో రాలేదు. ఏడ్చేదాన్ని. మా టీచరు, ఏడిస్తే ఏడు, కానీ రేపు రా అన్నారు. మీరు కూడా రేపు రండి."

ఆ సాయంత్రం బుల్లబ్బాయి నన్ను సరుగుడు చెట్లవైపు తీసుకెళ్ళాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"గురువుగారూ, ఆ పిల్ల నన్ను మొద్దనుకుంటందండి. మొద్దయినా పర్లేదంటందండి. తిట్టినా పడతాను గానీ, ఇది నా వల్ల కాదండి బాబూ!"

నా పరిస్థితీ అంతే. అప్పటికే ఒకసారి అమ్మాజీ చేతిలో అయింది నాకు. మార్చి మొదటివారంలో కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, స్కూటీ మీంచి దిగకుండానే అడిగింది. "అన్నయ్యగారూ, ఇది పుట్టినప్పుడు డాక్టరు చెప్పేడండి, ఈ పిల్లకి ఏదీ రాదు, ఆశలు పెట్టుకోవద్దని. ఒక్కొక్కటే నేర్చేసుకుందండి. బస్సెక్కడం, సంతకం, పళ్ళెం మొయ్యడం, అన్నీని. ఇప్పుడు మీకెప్పుడొస్తాదో చెప్పే డాక్టరెక్కడున్నాడండీ? ఉంటే చెప్పండి, నేనే ఫీజిచ్చుకుంటాను."  తలొంచుకుని నిలబడ్డాను. సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు.

వంతులు రద్దు చేశాం. చాకలి సూరయ్య మాత్రం, "నా రెండో వంతు రాకుండానే ఆపేత్తే ఎలాగండీ?" అని కాసేపు పేచీ పెట్టాడు. బుల్లబ్బాయి ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నాడు. నెలాఖరు ముందువారం పరీక్ష. అందరం రాశాం. లేసు ప్రాక్టికల్లో నేను చేతులు వెనక్కి కట్టుకుని, పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. అందరికీ నూటికి నూరు! తోటమాలికి కూడా.

సత్యవేణి ఎగిరి గంతేసింది. బుల్లబ్బాయి చెయ్యి పట్టుకుని ఊపేసింది. "నేను చెప్పేనా? నేను చెప్పేనా?" అంది. మర్నాటినుంచే డ్యూటీ అని వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

ధ్రువపత్రాలు రాలేదు. మార్చి ఆఖరు రోజు పొద్దున డీజీఎంగారి కారు వచ్చింది. దిగుతూనే చేతిలో కాగితాలున్నాయి.

"నెలల తరబడి విడవకుండా అనుత్తీర్ణమవుతున్న యూనిట్ హఠాత్తుగా మూకుమ్మడిగా నూటికి నూరు సాధించడం అసంభవం. ఇది సామూహిక కాపీయింగ్. ఆదర్శ శిక్షణా కేంద్రం ప్రతిష్ఠకి మచ్చ. విచారణ పూర్తయ్యేవరకు మేనేజరుతో సహా యావన్మందినీ సస్పెండ్ చేయడమైనది!"

మాకు తలొక కాగితం ఇచ్చారు. సస్పెండయినవాళ్ళు ప్రాంగణంలో ఉండకూడదు. అందరం గేటవతల ఇసుకలో నిలబడ్డాం. సత్యవేణి మాత్రం లోపలే ఉంది. ఆమెని పంపించే అధికారం ఎవరికీ లేదు, ఆమె ఉద్యోగి కాదు కదా. ఆర్డరు కాగితం ఇంకా చేతిలోనే ఉంది. ఆ రోజుతో దాని కాలం తీరిపోతుంది. ఆ పిల్లకి అది తెలుసు. గేట్లోంచి కనిపించే ఆ బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. నేను ఆ మొహం చూడలేకపోయాను.

ఎండెక్కింది. డీజీఎంగారి డ్రైవరు టిఫినుకని ఊళ్ళోకి పోయి పత్తా లేడు. సారుకి గొంతెండింది. అటూ ఇటూ చూసి బెంచీ దగ్గరికి వచ్చారు.

"అమ్మా, కొంచెం మంచినీళ్ళిస్తావా?"

"ఇవ్వకూడదండీ," అంది సత్యవేణి. "తాగినవాళ్ళకి మెమో వస్తుంది."

సారు ఆలోచించారు. ఆ మెమో మీద సంతకం తనదే. స్వయంగా వంటింట్లోకి వెళ్ళి కుండలో ముంచుకోవడం ఆయన హోదాకి ఏ నిబంధనలోనూ లేదు. అప్పుడు గేటవతలనుంచి మా మూర్తిగారి గొంతు వినిపించింది.

"సార్, నేను సస్పెన్షన్లో ఉన్నాను. సలహా ఇవ్వకూడదు. ఇవ్వడం లేదు. ఊరికే గొణుక్కుంటున్నాను."

"ఏమని?"

"ఆరో పేరాలో 'యూనిట్ నందు పనిచేయుచున్న సిబ్బంది యావన్మందియు' అని ఉంది సార్. ప్రస్తుతం యూనిట్లో పనిచేయుచున్నవారు ఎవరూ లేరు. ఎవరూ లేరు కాబట్టి ధ్రువపత్రం లేనివారూ లేరు. షరతు సంపూర్ణంగా నెరవేరింది. అభ్యర్థిని చేర్చుకోవడానికి ఇంతకంటే సంసిద్ధమైన యూనిట్ రాష్ట్రంలో ఉండదు సార్."

 ఆ మనిషిని అన్నేళ్ళు తిట్టుకున్నందుకు నాలుక్కరుచుకున్నాను. సారు ఆరో పేరా తీసి రెండుసార్లు చదివారు. మూడోసారి చదవబోయి దగ్గొచ్చి ఆగారు. జేబులోంచి పెన్ను తీసి, సత్యవేణి ఆర్డరు మీద 'విధులలో చేరినారు' అని రాసి సంతకం పెట్టారు.

"ఇప్పుడిస్తావా?"

సత్యవేణి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. పేరున్న బిళ్ళ చొక్కాకి పెట్టుకుంది. చేతులు కడుక్కుంది. ట్రేలో గ్లాసులు పెట్టుకుని, భోజనశాలలో పొద్దుటినుంచి పడిగాపులు కాస్తున్న పిఠాపురం కుటుంబం దగ్గరికి వెళ్ళింది.

"ఇటు, ఇటు!" అన్నారు సారు.

"వాళ్ళు ముందొచ్చారండీ. మీరు కూర్చోండి."

నడక మెల్లగానే ఉంది. ఒక గ్లాసు కొంచెం ఒలికింది. బట్ట తెచ్చి తుడిచి, మళ్ళీ నింపింది. సారు కూర్చుని చూస్తూ ఉన్నారు. కల్పించుకోలేదు. సహనం ప్రాక్టికల్‌లో నేను మొదటిసారి తప్పాను, ఆయన దాహంతో మొదటిసారే పాసైపోయారు.

నీళ్ళు తాగాక ఆకలేసింది. "తినడానికేముందమ్మా?" అన్నారు.

"ఏం లేదండీ. బుల్లబ్బాయిగారు వండాలి. ఆయన్ని మీరు బయట పెట్టేశారు."

కాసేపు కుర్చీలో కదిలి, బుల్లబ్బాయి సస్పెన్షన్ ఎత్తేశారు. ధ్రువపత్రం లేని మనిషి లోపలికొస్తే సత్యవేణి సంగతేమిటని సారు అడిగితే మూర్తిగారు మళ్ళీ గొణుక్కున్నారు. చేర్చుకోవడానికే నిబంధన ఉంది, చేరినవాళ్ళని తియ్యడానికి లేదట. ఉప్మా తయారయ్యేసరికి పిఠాపురం వాళ్ళు పెసరట్లు అడిగారు, బల్లలు పెరిగాయి, నన్ను పిలిచారు. గదుల తాళాల కోసం ఫణిని, దుప్పట్ల కోసం సూరయ్యని పిలిచారు. బిల్లు మీద సంతకానికి మేనేజరు కావలసి వచ్చాడు. సారు కడుపు నిండేసరికి యూనిట్ మొత్తం డ్యూటీలో ఉంది. విచారణ సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ గుర్తు చెయ్యలేదు.

అయిదింటికి అమ్మాజీ వచ్చింది. ఆర్డరు గడువు తీరిపోయిన రోజు కదా, ఆవిడకి ఏ కబురూ తెలియదు. స్కూటీ స్టాండు కూడా సరిగా వెయ్యలేదు. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది. రిసెప్షన్లో కూతురు లేకపోయేసరికి గుండెల మీద చెయ్యేసుకుని భోజనశాల గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

సత్యవేణి కుర్చీ వెనక్కి లాగి పట్టుకుంది. "రండి, కూర్చోండి."

"ఏంటే ఇదీ? పద, ఇంటికెల్దాం."

"డ్యూటీ ఆరింటిదాకా అండీ."

"నన్ను అండీ అంటావేంటే?"

"కస్టమర్లని అండీ అనాలి. కూర్చోండి."

అమ్మాజీ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుంది, లేవమంటే లేచేట్టుగా. సత్యవేణి చీటీ, పెన్సిలు తీసి నిలబడింది.

"ఏం తీసుకుంటారు?"

"నీకేది ఇష్టమైతే అది తేవే, తల్లీ."

"అలా కాదండీ. చూసి మీరే చెప్పాలి," అని మెనూ అట్ట ఆవిడ చేతిలో పెట్టింది.

అమ్మాజీ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. కన్నీళ్ళకి ఒక్క అక్షరం ఆనలేదు. నేను వెళ్ళి, సత్యవేణితో ఒక కాఫీ తెచ్చేయమ్మా అనబోయి ఆగిపోయాను.

సత్యవేణి పక్కకి జరిగి నిటారుగా నిలబడింది.

"పర్లేదండీ, నిదానంగా చూసుకోండి. నేను ఇక్కడే ఉంటాను."